మావ పెట్టని సంతకం

మావ పోయాడని చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను నౌపడ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. "టీ తాగి కాసేపు ఒరుగుతానన్నాడు, మరి లేవనేదు" అంది. ఏడవాల్సిన చోట నాకు కోపం వచ్చింది. నాలుగేళ్లుగా మా ఇద్దరి మధ్య తెగని వాదన ఒకటుంది. అది తేల్చకుండానే వెళ్లిపోయాడు.

ఆయన మా అమ్మకు అన్న, మా ఊరి పడవలవాళ్లకు పెద్ద. చదువు రాదు, సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. నేను ఊళ్లోనే బడిపంతులిని కాబట్టి సాయంత్రం పేపరు నా చేత చదివించుకునేవాడు. సినిమా పేజీ తప్ప అన్నీ వినేవాడు. నచ్చిన చోట ఆపి "మల్లీ సెప్పు" అనేవాడు. ఒకసారి ఐర్లండ్ మీద ఏదో వ్యాసం వచ్చింది. అక్కడ తిరుగుబాటు పక్షం నాయకుడొకాయన ఎన్నికల్లో గెలిచి కూడా, బ్రిటన్ రాణిగారికి విధేయుడినని ప్రమాణం చేయడానికి మనసొప్పక సభలో అడుగుపెట్టలేదట. అయినా శత్రువులతో సంధి మాటలకు మాత్రం తానే ముందు నడిచాడట. మావ దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

"కుర్సీ వొద్దన్నాడు గానీ మాటలు వొద్దన్నేదు. అంతేనా?"

"అంతే మావా."

"ఆడురా మడిసంటే" అన్నాడు.

మరుసటి ఏడాదే మాకూ పక్క ఊరికీ గొడవ ముదిరింది. పిల్ల చేపను కూడా మిగల్చని వలలు వేస్తున్నారని మావాళ్లు, సముద్రం మీ సొంతమా అని వాళ్లు. ఒకనాడు పొద్దున్నే నీళ్ల మీద రెండు పడవలు ఎదురుపడ్డాయి. అవతలివాడొకడు తెడ్డు ఎత్తి కొట్టాడు. మా ఊరి మనిషి తల పగిలి సముద్రంలో పడిపోయాడు. మూడో రోజుకి శవం ఒడ్డుకొచ్చింది. ఆ పడవలో మావ కూడా ఉన్నాడు. కళ్లారా చూశాడు. పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పాడు, రాసుకున్నారు. జారిపడ్డాడని అవతలివాళ్లు చెప్పారు, అదీ రాసుకున్నారు. ఆ తర్వాత భయంతో రెండు ఊళ్ల పడవలూ ఇసకలోనే ఉండిపోయాయి.

అధికారులు తుఫాను షెల్టర్‌లో మాటలకు పిలిచారు. వెళ్లొద్దని మా కుర్రాళ్లు అడ్డుపడ్డారు. "కోపమున్నోడితోనే మాటాడాల. కోపం నేనోడితో మనకేటి పని?" అని మావ వెళ్లాడు, కాగితాలు చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని. వెళ్లిన ప్రతిసారీ కుర్చీ లాక్కుని అవతలి ఊరి పెద్ద పక్కనే కూర్చునేవాడు, తన చుట్ట ఆయనకిచ్చేవాడు. అమ్ముడుపోయాడని మావాళ్లే ఆయన గుమ్మంలో కుళ్లిన చేపలు కుమ్మరించారు. ఆయన చీపురు తెచ్చుకుని ఊడ్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ మాటలకు బయల్దేరాడు.

వలల సంగతి తేలింది. ఎవరు ఎక్కడ వేట చేయాలో తేలింది. చివర్లో ఒక వాక్యం దగ్గర అంతా ఆగిపోయింది. చనిపోయిన మనిషి పడవలోంచి జారిపడ్డాడని రెండు ఊళ్లూ ఒప్పుకుంటున్నాయి అన్న వాక్యం అది. అది లేకపోతే తెడ్డుతో కొట్టిన వాళ్ల కుర్రాడు జైలుకెళ్తాడు. అందుకని వాళ్లు సంతకం పెట్టరు.

"శిచ్చ నానడగను. ఆడి బతుకు ఆడు బతకనీ" అన్నాడు మావ. "కానీ జారిపడ్డాడని నానెలా అంతాను? నాను సూసినాను గదా."

నాకు ఒళ్లు మండింది. "మావా, మా తమ్ముడి పడవ ఇసకలో ఎండిపోతోంది. ఒక్క మాట కోసం ఊరంతా పస్తులుండాలా?"

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "ఈ కాయితం ఆగకూడదు. పెద్దరికం వొదిలేస్తన్నాను. నా బదులు మేనల్లుడు పెడతాడు, ఆడి మనసొప్పితే." నా వైపు తిరిగాడు. "ఒప్పుద్దేట్రా?"

ఒప్పుతుందన్నాను. పెట్టాను. మర్నాడే పడవలు సముద్రంలోకి వెళ్లాయి. అప్పట్నుంచి రెండు ఊళ్లలో ఎవరి తలా పగల్లేదు. ఆయన ఆ షెల్టర్‌లో అన్నాళ్లు ఓపిక పట్టకపోతే ఇంకెన్ని శవాలు ఒడ్డుకొచ్చేవో. ఆ సంగతి నేనేనాడూ మరవలేదు.

కానీ ఆయన కోరుకున్న శాంతీ వచ్చింది, ఆయన మనసూ శుభ్రంగా మిగిలింది. అబద్ధం మాత్రం నా చేతికంటింది. ఎన్నిసార్లు అడిగానో. "నన్నెందుకు ముందుకు తోశావు మావా?"

"నువ్వు సూడనేదు. పెట్టగలవు."

"నువ్వు చెప్పావుగా! నాకు తెలుసుగా!"

"నువ్వు పెట్టడం మంచిదేరా. నాను పెట్టకపోడమూ మంచిదే."

ఈ జవాబు విన్నప్పుడల్లా పేపరు విసిరేసి లేచిపోయేవాణ్ణి. మర్నాడు వెళ్తే అదే పేపరు మడత పెట్టి, పక్కన నాకు టీ పోసి ఉంచేవాడు. నిన్నటి గొడవ ఊసెత్తేవాడు కాదు. దానికీ చిరాకేసేది.

మావ పదో రోజు భోజనాలకు, ఆనాడు తెడ్డు దెబ్బకు చనిపోయినతని భార్య రాలేదు. గిన్నెలో అన్నం, కూర సర్దుకుని నేనే వెళ్లాను. ఆ సంతకం తర్వాత ఆమె ఇంటి వైపు వెళ్లడం అదే మొదలు. పెరట్లో చేపలు ఎండబెడుతోంది.

"మీ మావ ఆదివారం ఆదివారం వొచ్చీవోడు" అంది తలెత్తకుండానే. "ఆ గుమ్మంలో కూకుని, ఆ రోజు ఏటి జరిగినాదో మొదట్నుంచీ సెప్పీవోడు. కొట్టినోడి పేరుతో సహా. కాయితంలో నేదు గదాని నానే అడిగీదాన్ని."

నాకు ఈ సంగతి తెలియదు. నాలుగేళ్లు రోజూ ఎదురుగా కూర్చున్నా ఒక్క మాట అనలేదు.

"ఇంకెవులు సెప్తారు? మీకు తెలుసు గదా మేస్టారూ. సెప్పండి."

ఇదీ నాకే వదిలేసి పోయాడనిపించి, మళ్లీ కోపం వచ్చింది. గిన్నె అరుగు మీద పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. ఆమె ఉప్పు చేతులు చీర కొంగుకి తుడుచుకుని, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, రెప్ప వేయకుండా నా నోటి వైపే చూస్తూ ఉండిపోయింది.