అక్క పోసిన నల్లమందు

మొన్న కల్లూరులో, మా వసారాలో వక్కలు కత్తిరిస్తూ, మందుల చదువు చదివే మా మనవరాలు పరీక్షకని గట్టిగా చదువుకుంటుంటే వింటున్నాను. మందు ఒంట్లో తనకోసమే ఉన్న చోట్లలో, రిసెప్టర్లంటారట, పోయి కూర్చుంటేనే పనిచేస్తుందట. నల్లమందు రోజూ ఇస్తే ఆ చోట్లు మొద్దుబారి మోతాదు పెంచాల్సి వస్తుందట. కొన్నాళ్ళు మానేస్తే మళ్ళీ తేరుకుంటాయట, అప్పుడు పాత మోతాదే ప్రాణం తీస్తుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ నాలుగు ముక్కలు చెప్పే నాథుడు లేకనే గదా మా అక్క బతికినన్నాళ్ళూ హంతకురాలనిపించుకుంది!

తెల్లదొరల కాలమది. అక్కను మైదుకూరు దగ్గరి పల్లెకిచ్చారు. మాలాగే చర్చికి పోయే కుటుంబం, ఎకరం మెట్టనేల, మిగతా దినాలు ఆసామి చేలో కూలి. నల్లమందు అప్పుడు అంగడిలోనే అమ్మేవారు, కూలికి పోయే తల్లులందరూ ఆవగింజంత చనుబాలలో కలిపి పోసి, బిడ్డను గట్టుమీద చీర ఉయ్యాలలో పడుకోబెట్టేవారు. బిడ్డ ఏడిస్తే తల్లి సాలు విడిచిపోతుందని మేస్త్రీయే పొద్దున్నే, పోసినావా లేదా అని గద్దించేవాడు. అక్క కొడుక్కి ఆవగింజంతతో మొదలై, ఎనిమిదో నెలకు జొన్నగింజంత అయింది.

ఎండాకాలం పనుల్లేక నందికొట్కూరులో మా పుట్టింటికొచ్చింది. మందు మానిపిస్తే వాడు నాలుగు దినాలు విరేచనాలతో, ఏడుపుతో ఇల్లు పీకి పందిరేసి, ఆపైన నెలన్నర హాయిగా నవ్వుతూ దోగాడాడు. వానలు పడ్డాయని అక్క తిరిగిపోయింది. మొదటి కలుపు దినమే, మునుపటి అలవాటు చొప్పున జొన్నగింజంత కలిపి పోసింది. మధ్యాహ్నం సంగటి తినే పొద్దుకు వచ్చి చూస్తే ఉయ్యాలలో ఊపిరి లేదు.

ఆస్పత్రికి ఎత్తుకుపోతే డాక్టరు, ఎంత పోసినావే రాక్షసీ అని నలుగురిలో తిట్టాడు.

“దినమ్మూ పోసేదే పోసినా సామీ, రవ్వంత గూడా ఎక్కువెయ్యలే!” అని అక్క మొత్తుకుంది.

ఎవరు నమ్మారు? చదువుకున్న మనిషే గదా, మధ్యలో మానినావా అని ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయేది? దినమూ గద్దించిన ఆ మేస్త్రీ అయితే నోరే ఎత్తలేదు. ఒళ్ళు బద్ధకానికి ఎక్కువ పోసిందని అత్త ఊరంతా చాటింది. చివరి రోజుల్లో అక్కకే అనుమానమొచ్చింది, “ఏమో అమ్మీ, ఎక్కువే ఏసింటినేమో” అనేది.

ఇప్పుడు చిన్న జలుబు మాత్రకైనా ఎంత వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోకూడదో చీటీ మీద రాసిస్తున్నారు, ఈ కాలం తల్లులకు నల్లమందు మాటే తెలియదు. సంతోషమే. కానీ డాక్టరునూ మేస్త్రీనీ ఇంతసేపు తిట్టానే, నేను మాత్రం ఏం ఉద్ధరించాను? నా మొదటి కాన్పుకు చూడవచ్చిన అక్క, రవ్వసేపు ఎత్తుకుంటానని చేతులు చాపితే, నిద్రపోతోందని చెప్పి బిడ్డను ఇవ్వలేదు. అది నా ఒళ్ళో కళ్ళు తెరుచుకునే ఉంది.