మినప చేలో నుంచి పరీక్షకు

మా చిన్నతనంలో మినప చేను పీకడానికి పొద్దు పొడవకముందే దిగేవాళ్ళం... మంచు తడి ఆరితే కాయ చిట్లి గింజలు నేల రాలిపోతాయి.

పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష నాడు కూడా మంగళగిరికి దిగువన, కాలవ కింద, ఒక ఆసామి చేలో అమ్మ పక్కనే వంగి ఉన్నాను. అదే పరీక్ష రాయవలసిన మా అన్నయ్య ఇంట్లో నిద్రపోతున్నాడు. మగపిల్లవాడు అలసిపోకూడదన్నది నాన్న తీర్పు.

ఎండెక్కుతోంది. లేచి చేతులు దులుపుకున్నాను.

"ఎక్కడికే?" గట్టు మీద నుంచి ఆసామి.

"పరీక్షండీ..."

"నువ్వెళ్ళకపోతే బళ్ళో గంట కొట్టరా ఏంటి? ఆ మడి అయ్యాక పో."

కూలీలందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. నడుము ఎత్తకుండానే అంది. "ఎళ్ళు. ఎనక్కి చూడమాక. నీ వంతు నే పీకుతా."

"అయితే రేపట్నించి నువ్వూ రామాక" అన్నాడు ఆసామి అమ్మతో.

మినప నూగుకు దద్దుర్లెక్కిన చేతులతోనే పరీక్ష రాశాను. నేను పాసయ్యాను, అన్నయ్య తప్పాడు. ఆ వేసవిలో మా పొయ్యి ఎన్ని పూటలు వెలగలేదో నాకు తెలుసు. తరువాతి కాలేజీ, ఉద్యోగం, ఈ ఫ్లాటు... వీటిలో ఏ దొర దయా లేదు. మా అమ్మ నడుము ఉంది.

మొన్న పై ఫ్లోరు ఆవిడతో కలిసి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సినిమా చూశాను. కూలివారి పిల్ల ఎదిగే కథ. పరీక్ష నాడు ఆ పిల్లను ఆసామే కారులో తీసుకువెళ్ళి బడి దగ్గర దింపుతాడు! హాలంతా చప్పట్లు. పక్కనావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకు ఒళ్ళు మండింది. కష్టమంతా ఆడపిల్లది, దండ మాత్రం ఆసామి మెడలోనా?

బయటికి రాగానే ఆవిడ పనిమనిషికి ఫోన్ చేసింది.

"జ్వరమైతే నువ్వు రావద్దులే, మీ అమ్మాయిని పంపు... రేపు పరీక్షా? ఒక్కటి రాయకపోతే కొంపలేం మునిగిపోవులే!"

"ఇప్పుడే గదండీ ఏడ్చారు?" అన్నాను.

"అయ్యో, అది సినిమా అండీ!" నవ్వింది.

"అయితే మీ అంట్లు మీరే తోముకోండి" అన్నాను. అప్పటి నుంచి ఆవిడకు నాతో మాటల్లేవు. నాకూ బెంగ లేదు.

ఆ రోజుల్లో ఆసామి గట్టు మీద నిలబడి ముఖం మీదే అనేవాడు... ఈ రోజుల్లో ముందు కన్నీళ్ళు తుడుచుకుని, ఆ తరువాత అంటున్నారు.

మీ జ్ఞాపకాలూ కింద కామెంట్లలో రాయండి, చదువుతాను. అయితే ముందుగా, మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కూతురు ఏ తరగతి చదువుతోందో రాయండి. తెలియనివారు దయచేసి ఇక్కడ ఏడుపు బొమ్మలు పెట్టవద్దు.