చిలకమ్మ కుడికన్ను

నందివాడలో ఎవరికి దగ్గొచ్చినా, పిల్లలకు కడుపు ఉబ్బినా ముందు వెంకటలక్ష్మి ఇంటి తలుపే తట్టేవారు. మిరియాలు, అల్లం, తులసి వేసి మరిగించిన కషాయం, వాము వేయించి కట్టిన కాపడం మూట, ఒళ్ళు నొప్పులకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు, అన్నీ వాళ్ళమ్మ దగ్గర చూసి నేర్చుకున్నవే. "మీ చేతి చలవండీ" అని ఎవరైనా అంటే ఆ పూటంతా ఆవిడ మొహం వెలిగిపోయేది.

తొంభై ఐదులో నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో ధాన్యం తూర్పారబడుతుంటే, ఆవిడ తోడికోడలు చిలకమ్మ కుడికంట్లో తాలు గింజ ఎగిరొచ్చి పడింది. చీర చెంగుతో తీసేసినా మంట తగ్గలేదు. సాయంత్రానికి కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతూనే ఉంది.

"గుడివాడ వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకోనా అక్కా?" అంది చిలకమ్మ.

"ఇంతదానికి డాక్టరెందుకే? పనులన్నీ నెత్తి మీదున్నాయి. నేను చూస్తాగా" అంది వెంకటలక్ష్మి. పెరట్లో నందివర్ధనం పూలు కోసి, నలిపి, గుడ్డలో పిండి ఆ రసం కంట్లో వేసింది. చల్లగా ఉందంటూ చిలకమ్మ నిద్రపోయింది.

మర్నాడు నొప్పి మళ్ళీ మొదలైంది. మళ్ళీ రసమే వేసింది. ఆ మరుసటి రోజు నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించింది. "పద, గుడివాడ వెళ్దాం" అన్న మాట వెంకటలక్ష్మి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఊళ్ళో తనకున్న పేరు అడ్డొచ్చింది. చివరికి చిలకమ్మ వెలుతురు చూడలేక గోడకేసి తల తిప్పుకుని ఏడుస్తుంటే, ఆమె భర్త నరసింహారావే పనులు వదిలేసి బస్సెక్కించాడు. వెంకటలక్ష్మి కూడా వెళ్ళింది.

డాక్టరు లైటు వేసి చూశాడు. "కంట్లో ఏం పోశారమ్మా?"

వెంకటలక్ష్మి నోరు తెరిచేలోగానే చిలకమ్మ, "ఏం లేదండీ, నీళ్ళతో కడిగానంతే" అంది.

పక్కనే నిలబడి కూడా వెంకటలక్ష్మి ఆ మాట కాదనలేదు. తర్వాత విజయవాడ కూడా తిప్పారు. కంట్లో పుండు మానింది గాని చూపు రాలేదు.

"ఎందుకలా చెప్పావే?" అని ఆ రోజు గుడివాడ నుంచి తిరిగొచ్చే బస్సులోనే వెంకటలక్ష్మి అడిగింది.

"డాక్టరు గారు నిన్ను అందరి ముందూ తిడితే నేను చూడలేనక్కా" అంది చిలకమ్మ.

ఆ రోజు నిజం చెప్పి ఉంటే డాక్టరు వేరే మందు ఇచ్చేవాడేమో. కన్ను దక్కేదేమో. ఈ సంగతి వెంకటలక్ష్మి ఎవరినీ అడగలేకపోయింది. కళ్ళకు మందు వేయడం మాత్రం మానేసింది. ఒకసారి సత్యవతమ్మ అనే ఆవిడ కళ్ళకలకతో ఉన్న మనవరాలిని తీసుకొచ్చి, "కాస్త పూల రసానికి ఇంత బెట్టేంటండీ" అని మూతి ముడుచుకుంది. వెంకటలక్ష్మి ఆ పిల్లను తనే ఆటోలో గుడివాడ తీసుకెళ్ళింది.

చిలకమ్మ మాత్రం చలికాలం దగ్గొస్తే ఇప్పటికీ వచ్చి వంటింటి గడప మీద కూర్చుంటుంది. గ్లాసు అందిస్తే ఏం వేశావని అడగదు, గటగటా తాగేస్తుంది. ఒక్కసారైనా "వద్దక్కా, భయం" అంటే బాగుండునని వెంకటలక్ష్మి ఎదురుచూస్తూనే ఉంటుంది.