చీటీ లేనివాటికి తోడు

మా సావిడి అయ్య పోయాడని కూరగాయలమ్మే ఆమె గడప దగ్గర తట్ట దించుతూ చెప్పింది. నిద్రలోనే పోయాడట. జ్వరమేమైనా వచ్చిందా, ఒంటి మీద పొక్కులేమైనా కనబడ్డాయా అని నేను మళ్ళీ మళ్ళీ అడిగాను.

"ముసలాయప్ప, వయసయిపోయె, పాయె. నీకెందుకుమా ఇంత ఆరా?" అని విసుక్కుంది. ఎందుకన్నది ఆమెకు చెప్పలేదు. ఇది చదివేవాళ్ళకు చెబుతాను.

కర్నూలులో కచ్చేరి వెనక పాత వస్తువులు పెట్టిన సర్కారు ఇల్లు ఒకటి ఉండేది. ఇప్పటి పిల్లలు మ్యూజియం అంటారు, మాకు అది బొమ్మల సావిడి. సావిడి అయ్య దానికి పెద్ద. నేను ఊడ్చి తుడిచేదాన్ని. ముందు గదిలో ఉన్నవాటికి, ఏ ఊరిది, ఎవరిచ్చారు అని చీటీలుండేవి. వెనక గదిలో ఉన్నవాటికి ఏమీ లేదు. ఎవరు తెచ్చి పడేశారో చెప్పేవాళ్ళు కూడా మిగల్లేదు. మట్టి గుర్రం, ఒంటి రాతి చేయి, దేనికి వాడేవారో తెలియని ఇత్తడి గొట్టం. మధ్యాహ్నం పూట పెంకుల సందులోంచి ఎండ దిగి బేతంచెర్ల నాపరాళ్ళ మీద పడేది. ఆ వెలుగులో అవన్నీ నీళ్ళ అడుగున నిద్రపోతున్నట్టు ఉండేవి. నాకేమో ఏది కళ్ళు తెరుస్తుందోనని భయం.

ఆ గదిలోకి వస్తే ఆయన మొదట చెప్పులు విడిచేవాడు. వేలి ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు. పాత నూలు చీర ఒకటి మడతలుగా పరిచి, వస్తువు ఎదుట కాసేపు ఊరికే కూర్చునేవాడు. ఆ తరువాతే దాన్ని రెండు చేతులా ఎత్తి చీర మీద పెట్టేవాడు. ఎత్తినంతసేపూ మాట్లాడేవాడు కాదు.

ఒకసారి కచ్చేరి గుమాస్తా వచ్చి ఇత్తడి గొట్టం చూసి, "ఇది నవాబు హుక్కా" అన్నాడు.

"అయ్యుండచ్చు" అన్నాడు మా అయ్య.

"అయితే చీటీ రాయప్పా."

"రాస్తే హుక్కానే అయిపోతాది. మళ్ళ దాన్ని ఎవురూ సరిగ్గా చూడరు."

"మరి వచ్చినోళ్ళకు ఏం చెప్తావు?"

"తెల్దని చెప్తా. నీకు సిగ్గయితే నువ్వు రావాకు."

ఆ గదిలోనే ఒక కొయ్య ముఖం ఉండేది. పెద్ద కళ్ళు, ముక్కు కొన విరిగింది. ఒకనాడు దాన్ని పొడిగుడ్డతో తుడవమన్నాడు. తుడిస్తే గుడ్డకు ఎర్రగా అంటింది. కుంకుమా అయ్యా అంటే, "అయ్యుండచ్చు" అన్నాడు. ఆ మరునాడే నా కూతురికి జ్వరం తగిలింది. ఊళ్ళో ఇంటింటా అమ్మవారు పోస్తున్న కాలం. పిల్ల వీపూ పొట్టా మాటిమాటికీ చూసుకోవడం, ఏ తల్లి బొట్టు చెరిపానో అని కుమిలిపోవడం. చివరికి పిల్లను మా అత్తకు అప్పగించి సావిడికి పరుగెత్తాను.

"అయ్యా, దాన్ని తుంగభద్రలో ఇడిసి వస్తా. చీటీ కూడా ల్యా. ఎవురడుగుతారు?"

"ఎవురూ అడగరు. అందుకే పారేయగూడదమ్మా. చీటీ ఉండేదానికి సర్కారు తోడు. ల్యాని దానికి మనమే తోడు."

"నా బిడ్డకెవురయ్యా తోడు?"

ఆయన వెనక గదిలోకి పోయి ఆ ముఖం ఎదుట కూర్చున్నాడు. ఆయన ఆదివారం చర్చికి పోయే మనిషి, ఏ అమ్మవారికీ మొక్కి ఎరగడు.

"నువ్వెవురో నాకు తెల్దు తల్లీ" అన్నాడు కొయ్య ముఖంతో. "ఈ పిల్ల నిన్ను తుడిసింది నేను చెప్తేనే. కోపముంటే నా దగ్గరికి రా. చర్చి ఎనక సందులో, నీళ్ళ తొట్టి ఉండే ఇల్లు. తలుపు తీసే ఉంటాది."

"మీ దేవుడు ఊరుకుంటాడా అయ్యా?"

"ఆయనతో నేను చెప్పుకుంటాలే. నువ్వు పో, బిడ్డకు గంజి తాపు."

పిల్లకు పొక్కులు పోయలేదు. నాలుగు రోజులకు జ్వరం దిగింది. నా భయం మాత్రం పోలేదు, ఇల్లు మారిందంతే. ఆయన దగ్గితే చీపురు వదిలి పోయి చూసేదాన్ని. పొద్దున రాగానే "ఒళ్ళు బాగుండాదా అయ్యా" అని అడిగేదాన్ని. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి చూపించేవాడు. "చూసుకోమ్మే, యాడన్నా ఉండాదా? ల్యా గదా? ఇంక ఊడ్చు." పని మానేశాక కూడా ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళందరినీ ఆయన సంగతి అడుగుతూనే ఉన్నాను. ఆయన దాన్నంతా మరిచిపోయి ఉంటాడు. నా ప్రాణం ఆయన చుట్టూనే తిరిగింది.

మన్ను వేయడానికి నా కూతుర్ని వెంటబెట్టుకొని పోయాను. దానికీ తల అక్కడక్కడ నెరిసింది.

"ఆయప్ప మనకేమవుతాడుమా?" అని చెవిలో అడిగింది.

ఏమని చెప్పను? అది మళ్ళీ అడగకుండా, అందరిలాగే వంగి పిడికెడు మన్ను తీసుకుంది. ఎండాకాలపు మన్ను, చెమ్మ అనేదే లేదు. పిడికిలి విప్పేసరికి సగం గాలికి లేచింది. ఆ సన్నటి దుమ్ము కింద పడక, ఎండలో మెల్లగా తిరుగుతూ, మచ్చ ఒక్కటీ లేని నా బిడ్డ నున్నటి చెంపల దగ్గర చాలాసేపు నిలిచింది.