శ్లోకాలు పెట్టిన తొమ్మిది రోజులు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అని మా అమ్మ నా పెళ్ళిపీటల మీద కూడా చెవిలో చెప్పింది. ఏం లాభం?

భవానీపురంలో మాది రెండో అంతస్తు. హాల్లో ఒక గోడకి నా కుట్టు మిషను, ఎదుటి గోడకి మా అత్తగారి మంచం. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆవిడ ఆ మంచం దిగలేదు. లేచి కూర్చోగలదు, అంతే. మా ఆయన రైల్వేలో డ్యూటీకి వెళ్తే రెండ్రోజులకి గాని ఇంటి మొహం చూడడు. పగలంతా మేమిద్దరమే. పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి, ఫోన్ మీద ఫోను. మధ్యలో "అమ్మాయ్, మంచినీళ్ళు", "అమ్మాయ్, ఫ్యాను తగ్గించు", "అమ్మాయ్, ఫ్యాను పెంచు". ఒకరోజు ఒళ్ళు మండి చేతిలో ఉన్న గ్లాసు విసిరేశాను. గోడకి తగిలింది. ఆవిడ తలకి జానెడు దూరంలో.

ఆ జానెడు దూరం తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఇంకోసారి కోపం వస్తే ఈ ముసలి మనిషిని ఏం చేస్తానోనని నన్ను చూసి నాకే భయం పట్టుకుంది. క్లినిక్కుకి వెళ్తే డాక్టరమ్మ బీపీ చూసి, మాత్రలు రాసి, "రోజూ ఒక గంట శ్లోకాలో, ప్రార్థనలో, ఏదో ఒకటి వినండి. నెమ్మదిగా ఉంటారు" అంది.

మర్నాడు పొద్దున పదకొండింటికి మిషను పక్కన చిన్న స్పీకరు పెట్టి, చిన్నప్పట్నుంచీ నా చెవిలో ఉన్న శ్లోకాలు వేశాను. ఏ శ్లోకాలో మీకు చెప్పనక్కర్లేదు. మన ఊళ్ళల్లో వైకుంఠ రథం వీధి మలుపు తిరిగేటప్పుడు మైకులో వచ్చేవి. ఆ గొంతు వినపడితే చాలు, ఎవరింట్లోనా అని జనం గుమ్మాల్లోకి వస్తారు. నిజం చెప్తున్నాను, ఆ సంగతి నాకు తట్టనే లేదు. గొంతు బావుంది, వేశాను.

పావుగంటలో ఎదుటి ఫ్లాటావిడ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో ఫ్లాస్కు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, కాఫీ కలిపి తెచ్చింది పాపం. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, అయినా మా పద్ధతులన్నీ ఆవిడకి కొట్టినపిండి. మా అత్తగారు ఈగల బాధకి దుప్పటి మొహం మీదుగా కప్పుకుని పడుకుని ఉంది. ఎదుటావిడ ఆ మంచం దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, "ప్రభువు ఈమె ఆత్మకి శాంతినివ్వాలి. ఎక్కువ బాధపడకుండా దాటిపోయింది, అదృష్టవంతురాలు" అంది. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఎప్పుడండీ? తెల్లారగట్లా?" అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి అసలు సంగతి చెప్పాను. ఇద్దరం నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఆ కాఫీ కూడా మేమే తాగేశాం. హాల్లో శ్లోకాలు అలాగే నడుస్తున్నాయి.

శ్లోకాలు పనిచేశాయా అంటే, పనిచేశాయి. నాలుగు రోజుల్లోనే తేడా తెలిసింది. ఆ గొంతు నడకకి నా ఊపిరి, నా కాలి కింద మిషను కూడా సర్దుకున్నాయి. జాకెట్టు కొలత తప్పినా విసుక్కోకుండా విప్పి కుట్టుకునేదాన్ని. బీపీ దిగింది. ఇంకా వింత ఏమిటంటే, మా అత్తగారు కూడా మారిపోయింది. నీళ్ళడగదు, ఫ్యానడగదు. పిలిస్తే వినిపించనట్టు కప్పు వంక చూస్తూ ఉంటుంది. "చూశారా అత్తయ్యా, మీకూ ఎంత హాయిగా ఉందో" అన్నాను.

ఐదో రోజు తల బాల్కనీ వైపు పెట్టి పడుకోబెట్టమంది. గాలి కోసమనుకుని దిళ్ళు అటు మార్చాను. మా బాల్కనీ దక్షిణం వైపు. ఆరో రోజు నుంచి అన్నం వద్దంది, మజ్జిగ చాలంది. "ఆ ముద్ద పిట్టగోడ మీద పెట్టు" అంది. ఎంత దయ అనుకున్నాను. రోజూ పెట్టేదాన్ని. దిండు మీద తల వెనక్కి వాల్చి ఆవిడ రెప్ప వెయ్యకుండా గోడ వంకే చూసేది. కాకులు వచ్చేవి, వాలేవి, అన్నం ముట్టకుండా ఆవిడ వంక చూసి లేచిపోయేవి. "ఇవాళ కూడా ముట్టలేదు" అనేది, ఎవరితోనో చెప్పినట్టు. శ్లోకాల సౌండు కాస్త పెంచుకున్నాను.

తొమ్మిదో రోజు ఒళ్ళు తుడుద్దామని దుప్పటి తీశాను. ఆవిడ కాళ్ళు రెండూ బిగదీసి దగ్గరగా ఉన్నాయి. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి, నా జాకెట్ల పీలికతో ముడి వేసి ఉంది. అమ్మో! చేతిలో తడిగుడ్డ జారిపోయింది.

"ఇదేంటత్తయ్యా?"

"విప్పకే. మీరెవరూ కట్టలేదు, మర్చిపోయారు. నేనే వంగి కట్టుకున్నా." గొంతు చాలా మామూలుగా ఉంది. "రేపు పదో రోజు కదా. కాకి ముడితే వెళ్ళిపోతా."

స్పీకరు కట్టేశాను. అప్పుడు ఆ హాలు ఎంత నిశ్శబ్దంగా అయిపోయిందంటే, ఆవిడ ఊపిరి వినపడుతుందేమోనని చెవి ఒగ్గాను. వినపడలేదు.

"మీరు బతికే ఉన్నారత్తయ్యా. ఎదుటి ఫ్లాటావిడేదో పొరపాటు పడింది ఆ రోజు" అంటూ ఆవిడ చెయ్యి తీసి గుండె మీద పెట్టి, పైన నా చెయ్యి అదిమి పట్టాను. "చూడండి, కొట్టుకుంటోంది."

"అది నీ చెయ్యే అదురుతోందే, పిచ్చిమొహమా" అంది జాలిగా. తర్వాత నవ్వింది. "బతికుంటే నువ్వు నాతో ఇట్టా మాట్లాడతావా? ఇంత మెత్తగా, ఇంత ప్రేమగా? ఎన్నేళ్ళు కాపరం చేశావే నా దగ్గర, ఒక్కరోజైనా మాట్లాడావా? నేను పోయాక ఎంత మంచిదానివైపోయావో."

ఏడుస్తూ బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను. నేను బతిమాలేకొద్దీ ఆవిడ మొహం ఇంకా ప్రశాంతంగా అయిపోతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. మూడు రోజులుగా రెండు గుక్కల మజ్జిగ తప్ప ఏమీ దిగని ఒళ్ళు అది. రేపటిదాకా కూడా ఉండదనిపించింది.

ఇంక నాకు తెలిసిన దారి ఒక్కటే మిగిలింది.

"ఏంటీ నాటకాలు!" అని ఇల్లదిరేలా అరిచాను. "చచ్చానంటూ నా ప్రాణాలు తోడేస్తున్నావా? నీకు చాకిరీ చెయ్యలేక చస్తుంటే ఇదొకటా? లే! లేచి నోరు తెరుస్తావా తెరవవా?"

కళ్ళు చప్పున తెరుచుకున్నాయి. మొదట ఏమీ లేదు వాటిల్లో. తర్వాత నెమ్మదిగా, నాకు బాగా తెలిసిన భయం వచ్చి చేరింది. భుజాలు ముడుచుకుంది. గోడ వైపు ఒరిగి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"తింటానే అమ్మాయ్. అరవమాకే, తింటా" అంది.

నేను ముద్దలు కలిపి పెడుతుంటే, వణుకుతూ, గబగబా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.