మా ఇంటి మీద నా ఆక్షేపణ

ఆ రోజుల్లో కొండమీద ఏ పని మొదలుపెట్టినా ముందు అడవిని అడిగేవారు, తరవాత ఊరిని అడిగేవారు. కాగితాన్ని అడగాలని ఎవరికీ తోచేది కాదు. మొన్న మా మనవరాలు పెరట్లో ఒక గది వేయించుకోవడానికి పంచాయతీ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగొచ్చి విసుక్కుంటుంటే నేను నవ్వాను. "నీకేం తెలుసు మామ్మా, అనుమతి తెచ్చుకోవడం ఎంత కష్టమో" అంది. ఎందుకు తెలీదు? అలాంటి కాగితం ఒకటి మా పెట్టెలోనే ఉంది. అందులో నా మాట కూడా ఉంది. నాకు చదువు రెండో తరగతితో ఆగిపోయింది గాని జ్ఞాపకం మాత్రం ఆగలేదు. ("కొన్ని మరిచిపోతే నీ సొమ్మేం పోయిందే" అనేవారు మా ఆయన.)

పదహారో ఏట ఘాటీ ఎక్కి అరకు లోయకి కాపురానికి వచ్చాను. ఘాటీ అంటే ఇప్పటి రోడ్డు కాదు, రెండు రోజుల నడక. సంతల్లో ఉప్పూ ఎండుచేపలూ అమ్ముకున్న మేనమామ వదిలిపోయిన ఇంట్లో మా ఆయన ఉండేవారు. అంతకు ముందు పెద్ద యుద్ధంలో బస్రా దాకా వెళ్ళి, పటాలంలో కంచరగాడిదలకి కట్లు కట్టే పని చేసొచ్చారు. పెళ్ళిచూపుల్లో మా నాన్నతో "డాక్టరు పని నేర్చుకున్నానండి" అన్నారు. ఎవరికి అని మా నాన్న అడగలేదు, ఈయనా చెప్పలేదు. నాకు మాత్రం కాపురానికొచ్చిన మర్నాడే తెలిసింది. తెల్లారి కళ్ళు తెరిచేసరికి చాప చివర, నా కాళ్ళకి జానెడు దూరంలో, నోటెంట చొంగ కారుతున్న ఎద్దొకటి పడుకుని నన్నే చూస్తోంది. నేను పెట్టిన కేకకి అది కూడా బెదిరి అరిచింది. మా ఆయన పరిగెత్తుకొచ్చి దాని మెడ నిమిరారు, నా మెడ కాదు. "దానికి గాలికుంటు రోగం గుంటా, అరిచి బెదరగొట్టకు" అన్నారు. (గుంటా అంటే మా వైపు పిల్లా అని.)

ఇక ఆ ఇల్లు ఇల్లు కాదు. వీధరుగు మీద ఎద్దులు, వంటింటి గుమ్మంలో మేకలు, ఒక్కోసారి కాలు విరిగిన కోడిపుంజు. పుళ్ళు కడిగే పటిక నీళ్ళు మా అమ్మిచ్చిన ఇత్తడి బిందెలోనే కలిపేవారు. మందు పట్టే వెదురు గొట్టాలు నా దువ్వెన పక్కన ఉండేవి. నా నేతచీర అంచు ఒక ఆవు గిట్టకి కట్టయి ఊరంతా తిరిగింది. (ఆవు మీద బాగానే ఉందని పొరుగువాళ్ళు అన్నారు.) ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్ని గొడ్లబాబు అనేవారు. మందుకి బదులు ఎవరైనా ఇన్ని సామలో గుమ్మడికాయో తెచ్చిపెడితే సరే, లేకపోయినా సరే. సాయంత్రాలు ఆయన ఈలవేస్తే చాలు, పశువులన్నీ అటే చూసేవి. కంచరగాడిదలకి నేర్పిన ఈల అది. నేను మాత్రం కిందనున్న మా ఊరివైపు చూసి ఏడ్చేదాన్ని.

అలా ఉండగా ఒక రోజు క్యాంపుకి రెవిన్యూ దొర వచ్చాడు. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా గొడుగు ముడవడు గనక అందరూ గొడుగు దొర అనేవారు. మా అరుగు మీద మూడు ఎద్దుల్ని చూసి గుర్రం దిగాడు. మైదానం వాళ్ళకి కొండమీద ఇల్లు కాపురానికి మాత్రమే ఇచ్చారనీ, అందులో ఆస్పత్రి నడపాలంటే అర్జీ పెట్టుకోవాలనీ, ఊళ్ళో ఎవరికీ ఆక్షేపణ లేకపోతేనే అనుమతనీ, లేదంటే తలుపుకి తాళం వేసి కిందికి దిగిపోవాలనీ చెప్పాడు. మా ఆయన నాలుగు రాత్రులు దీపం దగ్గర కూర్చుని అర్జీ రాశారు. ఆ తరవాత ఈల మానేశారు. కింద ఒక జమీందారు గుర్రపుసాలలో పని ఉందని అప్పటికే మా నాన్న కబురు పెట్టి ఉన్నాడు. అంటే అనుమతి రాకపోతే నేను మా అమ్మ ఇంటికి కూతవేటు దూరంలో, ఎద్దు లేని గదిలో, బియ్యపు అన్నం తింటూ ఉండొచ్చు. ఆయన ముఖం చూస్తే జాలేసేది. ఆ అన్నం తలుచుకుంటే జాలి పోయేది.

అర్జీ సంగతి ఊరికి చాటమని దొర బారికికి చెప్పాడు. బారికి అంటే ఊరికి కబురు చాటే మనిషి. అతను డప్పు కొట్టి, గొడ్లబాబు ఇంటి మీద ఆక్షేపణ చెప్పేవాళ్ళు వచ్చే సంతనాటి ఉదయం ఊరి నడుమ పెద్దలు కూర్చునే రాళ్ళ దగ్గరికి రావాలని చాటాడు. ఎవరూ రారు, పది నిమిషాల్లో సంతకం పెట్టి వెళ్ళొచ్చని దొర అనుకున్నాడు. దొరకి తెలియనిదేమిటంటే, ఆ ఊళ్ళో డప్పు మోగిందంటే ఇంటికొకరు వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే పిలిచినవాడికి అవమానం. వెళ్ళి, అడిగింది ఇవ్వకుండా ఊరికే కూర్చుంటే ఇంటికి అవమానం. గొడ్లబాబంటే ప్రాణం పెట్టేవాళ్ళే అందరూ. పాపం, ఆయన పని కోసం పిలిచారు గదా అని వారం రోజులు ఆలోచించి, ఇంటికొక ఆక్షేపణ తయారుచేసుకున్నారు.

ఆ ఉదయం అందరూ ఉతికిన గుడ్డలు కట్టుకుని వచ్చారు. దొర గొడుగు కింద, ఊరు రాళ్ళ మీద, నేను పనసచెట్టు చాటున. మొదట లేచినతను తన ఎద్దుకి కాలు బాగుచేశాక అది ఎక్కడికి పడితే అక్కడికి పారిపోతోందని, కుంటిగా ఉన్నప్పుడే నెమ్మదిగా ఉండేదని చెప్పాడు. ఇంకొకతను తన ఆవు నయమయ్యాక కూడా సాయంత్రమైతే గొడ్లబాబు అరుగు మీదికే పోతోందని, దాని ముందు తన పరువు పోయిందని చెప్పాడు. పక్కింటి పొగప్ప, నిప్పు వైపు నోట్లో పెట్టుకున్న చుట్ట తీసి మరీ చెప్పింది. "నా మేకకి జొరమొత్తే ఈ బాబు మూడు దినాలు పక్కనే కూకున్నాడు. నాకు జొరమొత్తే ఒక్క పూటే కూకున్నాడు. ఇదేటి నాయం బాబూ?"

దొర ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయాడు. రాసేకొద్దీ ముఖం వాడిపోయింది. ఒక్క ఆక్షేపణ ఉన్నా ఇవ్వకూడదన్నది రూలు, ఇక్కడ పంతొమ్మిది ఇళ్ళూ చెప్పేశాయి. మా ఆయన తల వంచుకుని లేచి అవతలికి నడిచారు. దొర కలం మూయబోతుంటే బారికి వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఇంకా ఒక ఇల్లు మిగిలిందన్నాడు.

"గొడ్లబాబు ఇల్లు రానేదు. బాబు సొంత అర్జీ గావున ఆయన సెప్పకూడదు. అమ్మ సెప్పాల."

ఊరంతా పనసచెట్టు వైపు తిరిగింది. పొగప్ప వచ్చి నా రెక్క పట్టుకుని "బేగి రా కోడలా, దొరగారికి ఎండెక్కిపోతంది" అని లాక్కుపోయింది. (గొడుగు కింద ఎండేమిటో.) నోరు తెరిచాక నేనిక ఆగలేదు. ఎన్ని నెలలుగా దాచుకున్న మాటలు! ఎద్దు చొంగ దగ్గర మొదలుపెట్టి, బిందె, వెదురు గొట్టాలు, చీర అంచు అన్నీ వరసగా చెప్పాను. ఇంకొక్క ముక్క, కిందికి పంపించెయ్యండి అంటే చాలు. ఆ ముక్క ఎలా పడుతుందో చూద్దామని మా ఆయన కోసం కళ్ళు తిప్పాను. ఆయన నా వైపు చూడనే లేదు. అవతల కట్టేసిన దొర గుర్రం ముందు కూర్చుని, దాని గిట్ట ఒళ్ళో పెట్టుకుని, ఇరుక్కున్న గులకరాయి పుల్లతో తీస్తున్నారు. తన బతుకు ఇక్కడ తేలుతుంటే, పెళ్ళాం ఊరి ముందు తన పరువు తీస్తుంటే, ఈ మనిషికి ఏమీ వినబడటం లేదు. చాలా రోజుల తరవాత, సన్నగా ఈల వేస్తున్నారు.

"అయితే ఏం చెయ్యమంటావమ్మా? కిందికి పంపించెయ్యనా?" అన్నాడు దొర.

"పంపమని నానెక్కడన్నానండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. "గొడ్లు ఇంట్లోకి రాకూడదన్నాను గాని, గొడ్లకి ఆయనొద్దన్నానేటి? ఎనకాల ఓ సాల ఏయించండి. ఇల్లు ఇల్లుగా ఉంతాది, గొడ్లు గొడ్లుగా ఉంతాయి."

దొర కలం కింద పెట్టి, మొదటిసారి గొడుగు ముడిచాడు. అర్జీ ఇంటికి, సాల ఇల్లు కాదు, సాల మీద ఆక్షేపణ ఎవరికైనా ఉందా అని అడిగాడు. ఊరంతా తెల్లబోయింది. ఆ రాళ్ళ దగ్గర ఒకసారి చెప్పుకున్న తగువు అక్కడే వదిలి పోవాలి, మళ్ళీ ఇంటికి మోసుకుపోకూడదు. "సెప్పీసినాం గదా, ఇంకేటుంది" అంది పొగప్ప, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ. దొర పంతొమ్మిదీ కొట్టేశాడు. నీదో అన్నట్టు నా వైపు చూశాడు. కొండ పద్ధతి నాకేం తెలుసు? సాల లేచేదాకా నాది ఉంటుందన్నాను. సాలకి అనుమతి రాసిచ్చి, దాని కింద అలాగే రాశాడు: దరఖాస్తుదారు భార్య ఆక్షేపణ, సాల పూర్తయ్యేవరకు నిలిచి ఉన్నది.

మర్నాడు బారికి మళ్ళీ డప్పు కొట్టాడు. ఇంటికొకరు వచ్చారు, ఈసారి వెదుళ్ళతో, గడ్డిమోపులతో. మూడు రోజుల్లో సాల లేచింది. తీరా చూస్తే మా ఇంటికన్నా అదే బాగా కుదిరింది. ఆ చలికాలం ఒక తల్లి లేని దూడని పెట్టుకుని మా ఆయన సాలలోనే ఉండిపోతుంటే, ఎన్నాళ్ళని ఒక్కదాన్నీ ఇంట్లో ముడుచుకుంటాను? కుంపటీ చాపా పట్టుకుని నేనూ అక్కడికే చేరాను. దూడ నా కాళ్ళ మీద మెడ పెట్టి పడుకుంది. మా ఆయన చూశారు గాని ఏమీ అనలేదు. (అన్నీ దాచుకుని, ఆ తరవాత నలభై ఏళ్ళూ అన్నారు. నేను దేనికి కసురుకున్నా "నీ ఆక్షేపణ ఇంకా నిలిచే ఉందిలే" అనేవారు. నిజమే, కొట్టేయించడానికి దొర దగ్గరికి మళ్ళీ ఎవరు వెళ్ళారు గనక.)

ఇప్పుడు మా ఇంట్లో నున్నటి సిమెంటు గచ్చు. గుమ్మంలో మేక లేదు, ఈల లేదు, నా చీరల అంచులన్నీ చీరలకే ఉన్నాయి. ఇల్లు ఇల్లుగానే ఉంది, నేను అడిగినట్టే. మాఘమాసం చలికి తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు, రెండు దుప్పట్లు కప్పినా పాదాలు మాత్రం చల్లగా ఉంటాయి. కళ్ళు తెరవకుండానే చాప చివరికి కాళ్ళు చాపి, జానెడు దూరంలో వెతుకుతాను. ఆ పదహారేళ్ళ గుంట ఎద్దుని చూసి పెట్టిన కేక గుర్తొచ్చి నవ్వుకుంటూ, మళ్ళీ ముడుచుకుని పడుకుంటాను.