అయిదు పూతల సున్నం

మా గ్వాదియానా నది ఒడ్డున కదలకుండా నిలబడ్డ ప్రతిదానికీ సున్నం పడుతుంది. గోడ, పొగగొట్టం, బావి గట్టు, నారింజ చెట్టు మొదలు, ఏదీ తప్పించుకోదు. మధ్యాహ్నం అరుగు మీద కునుకు తీసేటప్పుడు మా మగవాళ్ళం మధ్యమధ్య కాలు ఆడిస్తూ ఉంటాం, ఎందుకైనా మంచిదని. నవ్వకండి. నా పక్కిల్లు ఫెలిస్మీనాది.

ఆవిడకు డెబ్బై నాలుగేళ్ళు. మనిషి నా భుజం దాకా వస్తుంది, గొంతు మాత్రం అవతలి ఒడ్డు దాకా వెళ్తుంది. ఆమె భర్త జసింతు నాకు ప్రాణస్నేహితుడు, పోయి పదకొండేళ్ళయింది. ఆ వరసన నేను ఆమెను వదినా అంటాను. ఆమె బుద్ధి పుట్టినప్పుడు మరిదీ అంటుంది, మిగతా రోజుల్లో నోటికి ఏదొస్తే అది అంటుంది. పిల్లలు లేరు. ఉన్నవల్లా ఒక మేక, ఒక కొత్తిమీర మడి, గుట్ట మీది చర్చి తాళం చెవి.

ఆ తాళం చెవి మోచేతి పొడవుంటుంది. ఇనుముది. అత్తగారి చేతి నుంచి ఆమె చేతికి వచ్చింది. చర్చి చూడాలనుకున్నవాడు ఎంతటివాడైనా సరే, తెల్లగోడకు నీలం అంచు దిద్దిన ఆమె ఇంటికొచ్చి తలుపు తట్టాల్సిందే. ఆవిడ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, నల్ల శాలువా కప్పుకుని, "ఇంత ఎండలో టోపీ లేకుండా బయల్దేరావు, నీకు అమ్మ లేదా నాయనా?" అని తిట్టుకుంటూ గుట్ట ఎక్కుతుంది. చూపించాక ఊరికే పంపదు. రొట్టె, మేక జున్ను, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలు పెట్టి, తిన్నదాకా కదలనివ్వదు. పది నిమిషాల్లో చూసి పోదామని వచ్చిన జర్మన్ దంపతులు ఒకసారి సాయంత్రం దాకా కూర్చుని ఆమెతో కలిసి బఠాణీలు ఒలిచారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ముగ్గురూ తెగ నవ్వుకున్నారు.

రోడ్డు అవతలి ఒడ్డునే ఆగిపోతుంది కాబట్టి ఎవరొచ్చినా నా పడవే దిక్కు. రేవులో ఎక్కించుకుని, పాత నీటి మరలు, సుళ్ళు తిరిగే రాతి ఇరుకు, కొండ అంచున నల్ల కొంగల గూళ్ళు చూపించి, ఇటు దింపుతాను. నది నాది, గుట్ట ఆమెది. ఎవరి వాటాలో విశేషాలు ఎక్కువన్న దానిమీద మా ఇద్దరికీ ముప్పై ఏళ్ళ తగువు. నిజం చెప్పాలంటే ఆమెదే పైచేయి, ఎందుకంటే ఆమెకు ఫెస్టివా ఉంది.

ఫెస్టివా అంటే చర్చి లోపల, ఎడమ గోడలో, నేలకు జానెడు ఎత్తున పొదిగిన ఒక పాలరాతి పలక. రోమన్ల కాలంనాటిది. ఎక్కడి సమాధి మీదిదో, చర్చి కట్టినవాళ్ళు తెచ్చి గోడలో పెట్టారు. ఫెలిస్మీనాకు చదువు రాదు. ఇరవయ్యేళ్ళ వయసులో కొత్త కోడలిగా వచ్చినప్పుడు అప్పటి ముసలి ఫాదరు ఆ అక్షరాల అర్థం ఒక్కసారి చదివి చెప్పాడట. అంతే, పట్టేసింది. వచ్చినవాళ్ళ ముందు నేల మీద చతికిలబడి, ఒక్కో వరుస మీద వేలు పెట్టి ఆ ముక్కలు చెప్తుంది. నేను వెయ్యిసార్లు విని ఉంటాను.

మొన్న వసంతంలో పట్నం నుంచి, పాత కట్టడాలు చూసే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చదివి పెట్టింది నేనే. నది వెంట కొత్తగా వేస్తున్న కాలిబాటలో మా చర్చిని కూడా కలుపుతారట. శుక్రవారం డాక్టర్ బెనెదీతా అనే ఆవిడ వచ్చి రాతి పలకనూ, దాన్ని ఎలా చూసుకుంటున్నారన్నదీ పరీక్షిస్తుందట. బాగుంటే తాళం చెవి ఊళ్ళోనే ఉంటుంది. లేకపోతే పట్నం ఆఫీసుకు పోతుంది.

ఫెలిస్మీనా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నేను జసింతు పోయిన రోజున చూశాను, మళ్ళీ ఆ రోజే.

"చెవి పోతే నా తలుపు తట్టేదెవరు మరిదీ?" అంది చివరికి.

"నేను లేనూ?"

"నువ్వు తలుపు తట్టవు. తోసుకుని వస్తావు."

మర్నాటి నుంచి యుద్ధం మొదలైంది. రాతిసున్నం డ్రమ్ములో వేసి ఉడికించింది. పొడుగు కర్రకు కుంచె కట్టి మూడు రోజులు చర్చి లోపలా బయటా అయిదేసి పూతలు వేసింది. కొంగలు కూడా కళ్ళు చికిలించుకుని ఉంటాయి, అంత తెలుపు. ఇల్లు అలకగానే పండగ కాదని నేను అంటే, కుంచె నా మీదికి విసిరింది. చొక్కాకు ఆ మరక ఇంకా ఉంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి, ఆమెకు రొట్టె ఇద్దామని గుట్ట ఎక్కాను. చర్చి లోపల వెలుతురే వెలుతురు. ఎడమ గోడ చూశాను. కింద చూశాను. గుండె జారి చెప్పుల్లో పడింది. పలక లేదు. నున్నటి తెల్ల గోడ.

"వదినా, ఫెస్టివా ఏదీ?"

"అక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది?"

"దానికీ వేశావా? అయిదు పూతలూ?"

"చుట్టూ అంత తెల్లగా ఉంటే అదొక్కటీ నల్లగా, నాచుపట్టి... అక్షరాలు చెక్కినవే కదా, పైకి కనబడతాయనుకున్నాను," అంది. ఆ మాట అంటూనే వంగి చూసింది. అక్షరాల గుంటలన్నీ సున్నంతో పూడిపోయాయి. ఆమె మొహం గోడకన్నా తెల్లబడింది.

"ఓరి దేవుడా! ఆ డాక్టరమ్మ వస్తున్నదే ఈ రాయి చూడడానికి!"

"అరవకు! అరిస్తే ఊడొస్తుందా సున్నం?"

"పూలకుండీ అడ్డం పెడదాం. రాయి దొంగలెత్తుకుపోయారందాం."

"దేవుడి ఎదుట అబద్ధమా? నీ నాలుకకు ఎముక లేదు, సిగ్గూ లేదు." శాలువా తీసి అవతల పారేసింది. "నిన్నటి సున్నమే, ఇంకా గట్టిపడలేదు. నానబెట్టి తుడిస్తే వస్తుంది. ఆవిడ ఎన్నింటికి?"

"పదింటికి రేవులో ఉంటుంది."

"అయితే పన్నెండు దాకా ఇటు తేకు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. కాని ఏం చేస్తాం?

డాక్టరమ్మకు ముప్పై దాటి ఉంటాయి. జ్వరానికి మందిచ్చే డాక్టరు కాదు, రాళ్ళ డాక్టరు. బరువైన బూట్లు, మెడలో భూతద్దం. పడవ ఎక్కుతూనే, "నేరుగా చర్చికి పోదాం బెల్షియోర్ గారూ," అంది.

"నేరుగానా? ఈ నది మీద నేరుగా పోయినవాడు లేడమ్మా," అని తెడ్డు ఎగువకు తిప్పాను.

నా జన్మలో అంత వివరంగా నది చూపించలేదు. నీటి మరల దగ్గర దింపి, తిరగలి రాళ్ళు మూడూ ఒక్కోటి తడిమి చూడమన్నాను. ఏ వరదకు ఏ కప్పు కొట్టుకుపోయిందో చెప్పాను. కొంగ గూట్లో ఎన్ని పిల్లలున్నాయో ఆవిడ చేత లెక్కపెట్టించి, తప్పని మళ్ళీ లెక్కపెట్టించాను. నీటికుక్క కనబడుతుందని రెల్లు పక్కన ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టాను. అది నిజంగానే వచ్చింది, నోట్లో చేపతో. ఆవిడ చప్పట్లు కొట్టబోయి నోరు మూసుకుంది. అప్పుడు మడుగు అడుగున బంగారు దువ్వెనతో తల దువ్వుకునే, ఒకప్పుడు ఈ గడ్డనేలిన మూర్ల రాజకుమారి కథ ఎత్తుకున్నాను.

"ఈ మడుగులోనా?"

"ఇందులోనే."

"ఇందాక ఆ మడుగులో అన్నారే."

"ఎండాకాలం ఇల్లు మారుతుందమ్మా."

ఆవిడ నవ్వింది. తర్వాత భూతద్దం చేతిలో తిప్పుతూ, "బెల్షియోర్ గారూ, ఈ లంక చుట్టూ తిరగడం ఇది మూడోసారి. చర్చిలో ఏం జరుగుతోంది?" అంది.

నాకు అబద్ధాలు బాగా వచ్చు. ఆ కళ్ళెదుట ఒక్కటీ రాలేదు. తెడ్డు ఇటు తిప్పాను. అప్పటికి పదకొండున్నర.

ఫెలిస్మీనా నేల మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా సున్నపునీళ్ళు, జుట్టు విడిపోయింది, చేతిలో జసింతు పాత ఉన్ని మేజోడు. పై రెండు వరుసలు బయటపడ్డాయి. కింది వరుసలు ఇంకా తెలుపు కిందే ఉన్నాయి.

డాక్టరమ్మ గుమ్మంలో కొయ్యబారింది. "వెనిగరుతోనా తుడుస్తున్నారు? రాయిని తినేస్తుంది!"

"నీళ్ళే తల్లీ. వెనిగరు ఆకుకూర మీదికి."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, వచ్చి పలక ముందు మోకరించింది. భూతద్దంతో అక్షరం అక్షరం చూసింది. నేను మధ్యలో దూరి, తేమ వల్ల గోడ సున్నం దానంతట అదే జారిందని ఏదో అనబోయాను.

"నువ్వు నోర్మూసుకో," అంది ఫెలిస్మీనా నాతో. కష్టపడి లేచి నిలబడి, గోడకున్న మేకు నుంచి తాళం చెవి తీసింది. "నేనే వేశానమ్మా సున్నం. అయిదు పూతలు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సాయం రాలేదు. ఇదిగో చెవి, తీసుకుపో."

డాక్టరమ్మ చేయి చాపలేదు. "ఎందుకు వేశారు?"

"నాచు పట్టిందని ఈ ముసలాడికి చెప్పాను. అది కాదు." ఫెలిస్మీనా పలక కేసి చేయి చూపింది. "తొమ్మిదేళ్ళ పిల్ల అది. యాభై నాలుగేళ్ళుగా శనివారం శనివారం దాని మొహం కడుగుతున్నాను. పట్నం నుంచి పెద్దవాళ్ళు దాన్ని చూడ్డానికి వస్తున్నారంటే, పిల్లకు కాస్త పౌడరు అద్దకుండా ఎలా నిలబెడతామమ్మా?"

నేను ముప్పై ఏళ్ళుగా ఈవిడతో పోట్లాడుతున్నాను. ఈ సంగతి నాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

డాక్టరమ్మ పూడిపోయిన వరుసలు చూపించి, "ఇక్కడేముంది?" అని అడిగింది.

ఫెలిస్మీనా మళ్ళీ చతికిలబడింది. తెల్లటి సున్నం మీద, ఏమీ కనబడని చోట, వేలు పెట్టి నడిపింది. "ఫెస్టివా, తొమ్మిదేళ్ళు. ఇక్కడ పడుకుంది. వాళ్ళమ్మ ఈ రాయి పెట్టించింది. మట్టీ, దీని మీద బరువు మోపకు." వేలు ఆగిన ప్రతిచోటా డాక్టరమ్మ తన సంచిలోంచి మెత్తటి కుంచె తీసి తడిపి అద్దింది. వేలు ఆగిన ప్రతిచోటా అక్షరం ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు పిల్ల మొహం కడగడం అయింది. ఇద్దరి బట్టలకూ సున్నమే. డాక్టరమ్మ ముందు చీవాట్లు పెట్టింది. ఇకమీద ఈ రాయి మీద సున్నం చుక్క పడకూడదు, మేజోడు తగలకూడదు, మెత్తటి కుంచె, మంచినీళ్ళు, అంతే. ఫెలిస్మీనా బడిపిల్లలా తల ఊపింది. అలా ఆమె ఊపడం నేను చూశాను, సాక్ష్యం ఇస్తాను.

తర్వాత ఆవిడ బెంచీ మీద కూర్చుని ఒక కాగితం తీసి నింపసాగింది. కట్టడం పేరు రాసింది. తాళం చెవి ఉంచుకునేవారు అన్నచోట ఫెలిస్మీనా పేరు రాసింది. వదిన చెవిని గుండెకు హత్తుకుని నాకేసి చూసింది, చూశావా అన్నట్టు.

"రాతి పలకతో వీరికి సంబంధం, అని ఒక గడి ఉంది," అంది డాక్టరమ్మ. "మామూలుగా ఊరివారు అనో, చర్చి సేవకులు అనో రాస్తాం. ఏం రాయమంటారు?"

"పక్కింటావిడ అని రాయండి, పీడ పోతుంది," అన్నాను నేను కళ్ళు తుడుచుకుంటూ.

ఫెలిస్మీనా నా వంక చూడనైనా చూడలేదు. వంగి, పలక మూలన మిగిలిన సున్నపు చుక్కను కొనగోటితో తీసేసింది.

"పెంచిన తల్లి అని రాసుకో అమ్మా," అంది.

డాక్టరమ్మ అలాగే రాసింది.